ఆపే తారీఖు

ఈ ఉదయం నైట్రోజన్ క్యాను మూత తీయగానే తెల్లటి పొగ లేచి మొహానికి కొట్టింది. పదేళ్లుగా రోజూ కొడుతున్నదే. ముక్కు జిల్లుమంటుంది, వేళ్ల చివర్లు మొద్దుబారతాయి. పక్కనే బర్రె తాడు పట్టుకుని నిలబడ్డ రైతు, "సారూ, గిది నాలుగోసారి. గీసారన్న నిలుస్తదా?" అని అడిగాడు. క్యానులోకి పోతున్న నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. "నాలుగోసారి గొట్టం పట్టుకోకు మల్లేశం, రిజిస్టర్ పట్టుకో" అని వెనక నుంచి ఎవరో అన్నట్టే అనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు. పశువుల దవాఖాన గుమ్మంలో ఒక మేక నిలబడి నోటీసు బోర్డు మీది కాగితాన్ని తీరిగ్గా నములుతోంది. మూత పెట్టేసి, రైతును బెంచీ మీద కూర్చోబెట్టి, రిజిస్టరు తీశాను. ఆ మాట అన్న మనిషి గురించి ఎప్పటికైనా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మధ్యాహ్నం దవాఖాన ఖాళీ అయ్యాక ఇదిగో, కూర్చున్నాను.

డాక్టర్ సులోచన గారిని మీరు చూసి ఉండరు. చూసి ఉంటే మరచిపోయేవారు కాదు. మా దేవరకొండ వైపు పల్లెల్లో ఏళ్ల తరబడి పనిచేసిన పశువుల డాక్టరమ్మ. సొంతూరు రామన్నపేట. ముతక నేత చీర, కాళ్లకు మగవాళ్ల గుడ్డ బూట్లు, భుజానికి తోలు సంచి. గుట్ట మీద ఇల్లున్నా, గుట్ట వెనక ఇల్లున్నా తన పాత స్కూటరు మీద పోవలసిందే. ఆమె నవ్వితే కొట్టంలో పశువులు చెవులు నిక్కబొడుచుకునేవి. రైతులు "బర్ల డాక్టరమ్మ" అని పిలిచేవాళ్లు. ఆమె కూడా ఫోన్ ఎత్తితే, "ఆ, బర్ల డాక్టరమ్మనే మాట్లాడుతున్న, జెప్పు" అనేవారు. మధ్యాహ్నం ఏ చేను గట్టు మీదో కూర్చుని జొన్నరొట్టె, ఎండుమిర్చి తొక్కు విప్పితే, సగం రొట్టె తుంచి మన చేతిలో పెట్టందే తాను తినేవారు కాదు.

నేను ఉద్యోగంలో చేరింది రాష్ట్రం వచ్చిన రెండో ఏడు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, ఇంటరు దాకా చదివి, శిక్షణ తీసుకుని ఎద సూదులు వేసే సహాయకుణ్ణయ్యాను. ఆవో బర్రో ఎదకు వచ్చిందని ఫోన్ వస్తే, మేలుజాతి కోడెదో దున్నదో వీర్యం నింపిన సన్న గొట్టాన్ని క్యానులోంచి తీసి, గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ఆ పశువుకు ఎక్కించి రావడం నా పని. ఊళ్లో పడుచువాళ్లు "అగో, వంద దూడల నాయిన వస్తాండు" అని ఎగతాళి చేసేవాళ్లు. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, అప్పట్లో నాకు పొగరు ఎక్కువ. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

చేరిన మొదటి ఎండాకాలంలోనే ఆ పొగరు కొంత దిగింది. ఒకే ఊళ్లో ఆరు బర్రెలకు సూది వేస్తే ఆరింటికీ చూడి నిలవలేదు. మేడం అడిగితే నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి కొవ్వెక్కింది, ఒకటి బక్కది, ఒకదానికి పచ్చిగడ్డి లేదు, ఒకదాన్ని రైతు ఆలస్యంగా తోలుకొచ్చాడు. ఆమె ఓపిగ్గా అంతా విని, "ఆరు బర్లు కూడబలుక్కొని నీ మీద పగవట్టినయా మల్లేశం?" అన్నారు. తర్వాత క్యాను మూత తీసి అందులోకి కొలత పుల్ల దించారు. అడుగున వేలెడు నైట్రోజన్ కూడా లేదు. చల్లదనం పోయి లోపలి గొట్టాలన్నీ ఎప్పుడో పాడైపోయాయి. ప్రతి వారం కొలవాల్సిన నేను నెల రోజులుగా కొలవలేదు. "ముందు మన క్యాన్ చూసుకోవాలె. ఆనంక బర్రెను అనాలె," అన్నారు. ఆమె తిడతారేమో అనుకున్నాను. తిట్టలేదు, నన్ను వెంటబెట్టుకుని ఆరిళ్లకూ తిరిగి, "తప్పు మాది, మీ బర్రెలది గాదు" అని ఆరుసార్లు చెప్పారు. ఆ ఆరు గడపల ముందు నేను ఆమె వెనక దాక్కుని నిలబడ్డాను.

మేడం దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. అచ్చువేసిన రిజిస్టరులో లేని ఒక గడిని ఆమె స్కేలు పెట్టి సొంతంగా గీసుకునేవారు. దాని పైన ఎర్ర సిరాతో "ఆపే తారీఖు" అని ఉండేది. ఏ పశువుకు ఏ మందు మొదలుపెట్టినా, మొదలుపెట్టిన రోజే ఆ గడిలో ఒక తేదీ వేయాలి. ఆ తేదీ నాటికి గుణం కనిపించకపోతే ఆ మందు ఆగిపోవాలి, వేరే దారి చూడాలి. ఎద సూదులకైతే మూడుసార్లు. నాకది పిచ్చిగా తోచింది. "మేడం, మందు ఇస్తనే ఆపుడు గురించి రాస్తే రైతుకు అపశకునం గాదా?" అని అడిగాను. "మొదలువెట్టినోనికి ఆపుడు శాతగాదు మల్లేశం," అన్నారామె. "రేపు నిలుస్తదేమో అనిపిస్తది. ఆ రేపు ఎన్నడు జూసినా రేపే ఉంటది. గందుకే ఆశ ఎక్కకముందే, తెలివి జాగల ఉన్నప్పుడే రాసుకోవాలె." నేను తలూపి, ఆ రోజు నుంచి ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని తిరిగాను. అందరి బర్రెలకూ తేదీలు వేశాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో గెలుస్తూనే ఉన్నాను. మా ఇంట్లో సంగతి వేరు. నా భార్య కవితది మక్తల్ దగ్గరి ఊరు. కుట్టుపనిలో ఆమె చేతికి తిరుగులేదు. పెళ్లయి రెండేళ్లయినా కడుపు పండలేదని నల్లగొండలో ఒక ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆమె పరీక్షలు చేసి, అండం విడుదల కావడానికి గోలీలు రాసిచ్చింది. నెలకు ఐదు రోజులు, మూడు నెలలు. ప్రతి నెలా వచ్చి స్కానింగ్ తీయించుకోవాలి, ఈలోపు నేను కూడా పరీక్ష చేయించుకుని ఆ కాగితం తేవాలి, మూడు నెలలయ్యాక మళ్లీ చూసి చెబుతానంది. నేను బుద్ధిగా తలూపాను. బస్సులో తిరిగి వస్తూనే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఎద గురించి నాకు తెలియనిదేముంది. ఒకరోజు జీతం పోగొట్టుకుని ప్రతి నెలా స్కానింగుకు పోవడం దేనికి. ఇక నా పరీక్ష సంగతా, గొర్లమందలో పుట్టి పెరిగిన మనిషిని, నాకేమైతది.

మూడు నెలల గోలీలు అయిపోయాయి. నిలవలేదు. నేను అదే చిట్టీ పట్టుకుపోయి మందుల షాపులో ఇంకో మూడు నెలలకు తెచ్చాను. ఆ తర్వాత ఇంకో మూడు నెలలకు. చేతులు మారీ మారీ చిట్టీ మడతల దగ్గర చిరుగుతోందని, దేవరకొండ బస్టాండు దగ్గర దానికి ల్యామినేషన్ చేయించాను. మీరు నవ్వుకోండి, నేను ఇప్పుడు నవ్వుతూనే రాస్తున్నాను. ఆ రోజు మాత్రం గొప్ప తెలివైన పని చేశాననుకుని క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాను. ఆ ల్యామినేషన్ చిట్టీ మీద రెండున్నరేళ్లు నడిచింది మా కాపురం. గోలీలు వేసుకున్న రోజుల్లో కవితకు ఒళ్లంతా సెగలు, తలనొప్పి. బస్టాండు దగ్గర షట్టరు కిరాయికి తీసుకుని బట్టల కుట్టుషాపు పెట్టాలని ఆమె కోరిక. "బిడ్డ పుట్టినంక పెడుదువు తీ" అనేవాణ్ణి. చెల్లెలి పెళ్లికి పది రోజుల ముందు పోతానంటే, తారీఖులు కుదరవు అనేవాణ్ణి. మా అమ్మ వేడి చేస్తుందని బొప్పాయి మాన్పించింది, నువ్వులు మాన్పించింది. ఏది అడిగినా బిడ్డ పుట్టినంకనే. అప్పటి మా ఇల్లు ఒక బస్టాండు లాంటిది, ఇద్దరం సామాను కట్టుకుని కూర్చున్నాం, బస్సు రాదు, ఇంటికీ పోము.

ఒకరోజు మా ఊళ్లో గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించే శిబిరం పెట్టారు. పని అయ్యాక మేడంను భోజనానికి ఇంటికి పిలిచాం. కవిత కోడికూర వండింది. తిని చేతులు కడుక్కున్నాక, మేడం జాకెట్టు భుజం దగ్గర కుట్టు ఊడి ఉండడం కవిత చూసి, "ఇట్ల కూసోండి అమ్మా, రెండు నిమిషాలు" అని సూదీ దారం తెచ్చింది. దారం ఎక్కడం లేదు. నాలుగుసార్లు ప్రయత్నించి, కళ్లు నులుముకుని, "గీ నడుమ దారం రెండుగ అవుపడ్తాంది అమ్మా. మసక మసకగ మెరుస్తది" అంది. మేడం సూది అందుకుని తానే దారం ఎక్కిస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగారు.

"ఏమన్న గోలీలు మింగుతున్నవా బిడ్డా?"

కవిత గోడ వైపు చూపించింది. మేడం లేచి పోయి మేకు నుంచి చిట్టీ తీసుకుని చదివారు. తేదీ దగ్గర వేలు పెట్టి ఇంకోసారి చదివారు. నేను గర్వంగానే నిలబడ్డాను, ఎంత భద్రంగా దాచానో చూస్తున్నారని.

"ఓ మల్లేశం, గిది మందుల చిట్టీనా, ఆధార్ కార్డా?"

కవిత పక్కున నవ్వింది. రెండున్నరేళ్లలో ఆ చిట్టీ గురించి మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి. మేడం మాత్రం నవ్వలేదు. "నేను బర్ల డాక్టర్ను. మనుషులకు మందు జెప్పుడు నా పని గాదు. కానీ తారీఖు సదువుడు నాకొస్తది. మూడు నెలలని రాసి ఉన్నది. స్కానింగులని రాసి ఉన్నది, అవేడ?" నేను క్యాలెండరు వైపు చూశాను. "భర్త రిపోర్టు అని రాసి ఉన్నది. అదేడ?" "నాకేమైతది మేడం" అన్నాను. ఆమె చిట్టీని మళ్లీ మేకుకు తగిలించి, "ఆరు బర్లను తిట్టినోనివి నువ్వే గదా," అన్నారు. ఆ మాట కవితకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయాను. "ఊరందరి పశువులకు తారీఖు రాస్తివి. నీ పెండ్లానికి రాయకపోతివి. రేపు పొద్దుగాల్నే ఆ డాక్టరమ్మ కాడికి పోయి కండ్ల సంగతి జెప్పాలె. ఆమె జెప్పేదాంక ఒక్క గోలీ ముట్టొద్దు," అని చెప్పి, ఊడిన జాకెట్టు అలాగే ఉంచుకుని స్కూటరెక్కి వెళ్లిపోయారు.

మర్నాడు నల్లగొండ బస్సు దగ్గరికి పోతే ఆమె అప్పటికే కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. జిల్లా ఆఫీసులో పని ఉందన్నారు. ఏ పనీ లేదని నాకు తర్వాత తెలిసింది. డాక్టరు కవిత కళ్ల సంగతి వినగానే గోలీలు పూర్తిగా మాన్పించి కళ్ల డాక్టరు దగ్గరికి పంపింది. అదృష్టం, కొన్ని రోజులకు మసక తగ్గిపోయింది. నన్ను మాత్రం ఒక ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి పక్క ల్యాబుకు పొమ్మంది. వేల గొట్టాలు ఈ చేతులతో కరిగించినవాణ్ణి, ఆ ఖాళీ డబ్బాను ఎటు పట్టుకోవాలో తెలియలేదు. డబ్బాను చొక్కా కింద దాచుకుని నడుస్తుంటే, బెంచీ మీద కవిత పక్కన కూర్చుని జామకాయ కొరుకుతున్న మేడం, "దాసుడెందుకు మల్లేశం, అందరికి తెలిసిన సంగతే గదా," అన్నారు. వరండాలో ఉన్న నలుగురు మగవాళ్లు నేల చూపులు చూస్తూ నవ్వారు. వాళ్ల చొక్కాల కింద కూడా అవే డబ్బాలు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. నా దగ్గర ఉండాల్సినన్ని లేవు, ఉన్నవాటికి కదలిక సరిగ్గా లేదు. ఆ మాటలు ఇంకెవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు, నా ఉద్యోగమే అది. మెట్ల మీద కూర్చుండిపోయాను. మేడం వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏడుస్తవా, చాయ్ తాగుతవా?" అన్నారు. ఏడుపు వస్తున్నవాణ్ణి చాయ్ అన్నాను. "లోపం ఉండుడు తప్పు గాదు మల్లేశం. అది ఎవరికన్న ఉంటది. సూసుకోకపోవుడు తప్పు. పో, ఆ పిల్లకు నువ్వే జెప్పు." చెప్పాను. కవిత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ నోరు విప్పింది. "రెండున్నరేండ్లు నిన్ను నువ్వు సూసుకోకుండ నాతోటి గోలీలు మింగిచ్చినవు. నా కండ్లు పోతుండె. ఇగ బిడ్డ పుట్టినంక అనే మాట ఈ ఇంట్ల ఇనబడొద్దు. రేపు షట్టర్ కిరాయికి మాట్లాడుకుంట." నేను పప్పులో ఉప్పు ఎక్కువైనా ఏమీ అనకుండా తిన్నాను. షాపు తెరిచిన రోజు మొదటి గిరాకీ మేడం. ఆ ఊడిన భుజం అక్కడే కుట్టించుకున్నారు.

ఆ తర్వాత నల్లగొండ డాక్టరు మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టి దారులన్నీ చెప్పింది. గోలీలు ఎన్నాళ్లు వాడాలన్నది ఒక్కొక్కరిని బట్టి ఉంటుందట. అండం విడుదలవుతోందో లేదో స్కానింగులో చూస్తూ కొన్ని నెలలు వాడాలట. విడుదలవుతున్నా ఓ అయిదారు నెలల్లో నిలవకపోతే ఆ గోలీలనే పట్టుకు వేలాడటంలో అర్థం లేదట. మా విషయంలో ముందు నాకు మందులు, తర్వాత మూడుసార్లు నా వీర్యాన్ని శుద్ధిచేసి కవితకు ఎక్కించడం. అది వింటున్నప్పుడు నేను నేల చూపులు చూస్తున్నాను. కవిత నా మోచేతిని పొడిచి, "నీ పనే గదా, సమజైతాందా?" అంది. డాక్టరుకు సంగతి తెలిసి ఆమె కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. అదీ కాకుంటే హైదరాబాదులో పెద్ద దవాఖానలో చేసే పద్ధతి ఉంది, దత్తత ఉంది, ఏమీ వద్దనుకోవడం కూడా ఒక దారేనంది.

ఆ వారమే మేడం షాపుకు వచ్చి తన సంచిలోని ఎర్ర పెన్ను తీశారు. నేను చెయ్యి చాపాను. ఆమె దాన్ని కవిత చేతికిచ్చారు. "సూదులు ఎవరి ఒంటికో, తారీఖు వాళ్లే రాయాలె." కవిత జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. చాలాసేపు ఆలోచించి, మూడుసార్లు, వచ్చే దసరా వరకు, అని రాసింది. "పెద్ద దవాఖానకు?" అని నేను నసిగాను. "ఇంకొకలు పోతే పోతరు, మంచిదే. నా ఒంటికి ఇంతే సాలు," అంది. మేడం నా వైపు చూసి ఊరుకోమన్నట్టు తలూపారు. తర్వాత, "ఆపిన తెల్లారి ఏం జేస్తవో గూడ రాయి బిడ్డా. లేకుంటే ఆ దినం మొకం గోడకు కొట్టుకున్నట్టయితది," అన్నారు. కవిత ఈసారి ఆలోచించలేదు. ఒక బొప్పాయి మొత్తం తింట, అని రాసి గీత గీసింది.

ఆ రోజు తిరిగి వస్తుంటే దారిలో స్కూటరు ఆగిపోయింది. దాన్ని తోసుకుంటూ నడుస్తూ మేడంను అడిగాను, ఈ ఎర్ర గడి ఆలోచన మీకు ఎట్లా వచ్చింది అని. ఆమెకు పిల్లలు లేరని మాకందరికీ తెలుసు. ఎవరమూ అడిగే ధైర్యం చేయలేదు. ఆమె మామూలుగానే చెప్పారు. ఆమె, బడిపంతులైన ఆమె భర్త, ఏళ్ల తరబడి తిరిగారట. ఒక డాక్టరు వద్దంటే ఇంకో డాక్టరు, మందు పనిచేయలేదంటే అదే మందు మళ్లీ. "ఒకదినం మా సారు అన్నడు, సులోచనా, మనం బతుకుడు ఎప్పుడు మొదలువెడ్తం అని. అప్పుడు ఇద్దరం కూసోని ఒక తారీఖు రాసుకున్నం. ఆ తారీఖు అచ్చింది, పోయింది. తెల్లారి ఈ స్కూటర్ కొనుక్కున్న." బాధ ఉండదా మేడం అని అడిగాను. "ఎందుకుండదు. అస్తది, జరసేపు కూసుంటది, చాయ్ తాగి పోతది. కాకపోతే ఇల్లు దానిది గాదు, నాది," అన్నారు. ఆ తర్వాత స్కూటరును తిట్టడంలో పడ్డారు.

మొదటిసారి నిలవలేదు. రెండోసారి నెలసరి పది రోజులు ఆలస్యమై మమ్మల్ని ఆకాశంలో తిప్పి కింద పడేసింది. ఆ రాత్రి కవిత ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తెల్లారి షాపులో పెళ్లి బట్టలు ఉన్నాయని లేచి పోయింది. మూడోసారి ఫలితం దసరాకు నాలుగు రోజుల ముందు వచ్చింది. లేదు. అప్పుడు నాకు ఏమయ్యిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా ఎదుట బర్రె తాడు పట్టుకుని బతిమాలిన రైతులందరూ నాలోకి దూరారు. ఇంకొక్కసారి. ఈసారి నా మందులు ఎక్కువ రోజులు పనిచేశాయి కదా. ఈసారి చలికాలం కదా. కవితకు చెప్పకుండా మేడంకు ఫోన్ చేశాను. "మేడం, ఆ తారీఖు జర జరుపుమని మీరు కవితకు చెప్పుండ్రి. మీ మాట ఇంటది." అవతల ఎక్కడో బర్రె అరిచింది. "నన్నడుగకు మల్లేశం. రాసింది నేను గాదు. రాసినామెను అడుగు. ఆమె ఊ అంటే నాకేం పట్టింపు లేదు. కానీ అడిగేటప్పుడు ఆమె మొకం జూసి అడుగు."

అడగలేకపోయాను. షాపు గుమ్మంలో నిలబడి మొహం చూశాను, అంతే. ఆమె కత్తెర కింద పెట్టి, "ఇంకొక్కసారి అందామని అచ్చినవు గదా," అంది. తలూపాను. "నాకు గూడ అనిపిస్తాంది. ఎల్లుండి గూడ అనిపిస్తది. ఏడాదికి గూడ అనిపిస్తది. గందుకే అప్పుడే రాసిన." తన మొహంలో బాధ ఉంది, కానీ ఆ రెండున్నరేళ్లు నేను చూసిన అలసట లేదు. నేను స్టూలు మీద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. కాసేపటికి నా వీపు మీద ఆమె చెయ్యి పడింది. దసరా మర్నాడు మేడం పొద్దున్నే షాపుకు వచ్చారు. రెండు చేతులతో మోయాల్సినంత బొప్పాయి. కవిత బట్టలు కత్తిరించే బల్ల మీద పాత పేపరు పరిచి దాన్ని కోసింది. ముగ్గురం మోచేతుల దాకా రసం కారుతుంటే తిన్నాం. మా అమ్మ విషయం తెలిసి కేకలేస్తూ వచ్చి, తిట్టి తిట్టి అలసి, చివరికి, "ఇంత తియ్యగున్నదా, నాకో ముక్క ఇయ్యి," అంది. నా జీవితంలో అంత నవ్విన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దత్తత మాట ఎత్తింది కవితే, అదీ ఆరు నెలల తర్వాత. తొందరపడి ఎత్తలేదు. షాపులో ఇద్దరు ఆడపిల్లలకు కుట్టు నేర్పుతోంది, మేము నెలకో సినిమాకు పోతున్నాం, మక్తల్‌లో చెల్లెలి కొడుకు పుట్టువెంట్రుకలకు పది రోజులు ఉండి వచ్చింది. ప్రభుత్వ పద్ధతిలో కంప్యూటరులో దరఖాస్తు పెట్టాం. ఇల్లు చూసిపోయారు. ఎన్నాళ్లు పడుతుందో తెలియదన్నారు. నేను అలవాటు కొద్దీ మేడంను అడిగాను, దీనికి ఆపే తారీఖు ఎంత వేయమంటారని. ఆమె అప్పటికి ఉద్యోగ విరమణ చేసి రామన్నపేటలో ఉంటున్నారు. "దీనికెందుకు? దరఖాస్తు ఎదురుసూస్తే ఎవరి కండ్లు మసకలు గావు. మిషిన్ నడువనీ, సంసారం నడువనీ. అదొచ్చిననాడు అస్తది," అన్నారు. రెండేళ్లు దాటాక వచ్చింది. పది నెలల ఆడపిల్ల. అమూల్య అని పేరు పెట్టుకున్నాం.

శిశుగృహం నుంచి నేరుగా రామన్నపేటకే తీసుకుపోయాం. మేడం బిడ్డను ఒళ్లో వేసుకుని, పెదవి ఎత్తి పళ్లు చూశారు, చెవుల వెనక చూశారు, పాదాలు తట్టారు. "రెండు పండ్లు అచ్చినయి. కండ్లు నిగనిగ ఉన్నయి. మేత మంచిగ తింటదా?" అన్నారు. కవిత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బిడ్డ మేడం బూట్ల లేసు పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత ఏడాదిన్నరకు మేడం పోయారు. పొద్దున్న పక్కింటి దూడకు కట్టు కట్టి వచ్చి, మధ్యాహ్నం పడుకుని మళ్లీ లేవలేదు. రామన్నపేటకు ఎక్కడెక్కడి నుంచో రైతులు వచ్చారు. ఆమె భర్త, పంతులు సారు, అందరికీ చాయ్ పోయించారు, అట్లా చేయమని ఆమె ముందే చెప్పి ఉంచారట.

ఈ మధ్య నా దగ్గరికి మగవాళ్లు కొందరు గుట్టుగా వస్తుంటారు. ముందు బర్రె గురించి అడుగుతారు, తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, మా ఆమె గోలీలు మింగవట్టి ఏడాదిన్నరైతాంది" అంటారు. నేను మందు చెప్పను, నేను బర్రెల మనిషిని. నా కథ మాత్రం చెబుతాను, ల్యామినేషన్‌తో సహా. వాళ్లు నవ్వాక, డాక్టరు ఎన్ని నెలలని రాసిందో చదవమంటాను, నీ రిపోర్టు ఏదని అడుగుతాను. ఒక్కణ్ణే పోలేనంటే వెంట పోతాను. కొందరికి పిల్లలు పుట్టారు, కొందరికి పుట్టలేదు. వాళ్ల తారీఖు వాళ్లనే, ఇద్దరూ కూర్చుని రాసుకోమంటాను.

మొన్న ఆదివారం షాపులో మిషన్ కింద కూర్చుని గుడ్డ ముక్కలు ఏరుకుంటూ అమూల్య నన్ను అడిగింది. నాలుగేళ్ల పిల్ల, తనను మేము పోయి తెచ్చుకున్నామని తనకు తెలుసు, వచ్చిన గిరాకీలందరికీ తనే చెబుతుంది. "నాయినా, నేను రాకముందు మీరిద్దరు ఏం జేసేటోళ్లు? ఏడ్సుకుంట కూసునేటోళ్లా?" ఏ సీరియల్లో చూసిందో. కవిత మిషన్ ఆపి నా వైపు చూసింది. "లేదు బిడ్డా," అన్నాను. "మీ అమ్మ బట్టలు కుట్టేది. నేను ఊర్లు తిరిగేటోన్ని. సినిమాకు పోయేటోళ్లం, కొట్లాడుకునేటోళ్లం, మల్ల నవ్వుకునేటోళ్లం. మంచిగనే ఉన్నం. నువ్వొచ్చినంక ఇంకింత మంచిగున్నం." పిల్ల సరేనని మళ్లీ తన గుడ్డ ముక్కల్లో పడింది. కవిత మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నేను నా బిడ్డకు చెప్పింది నిజం. సులోచన మేడం ఆ రోజు మా ఇంటికి అన్నానికి రాకపోయి ఉంటే, అదే మాటను నేను అబద్ధంగా చెప్పవలసి వచ్చేది.